అందరూ వెళ్లిపోయాక వచ్చిన ఆల్బమ్: ‘ఫ్లడ్‌లాండ్’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో మేం నలుగురైదుగురం ఆదివారం సాయంత్రాలు మా మేడ మీది గదిలో కూర్చుని పాటలు వింటాం. ఒక్కోసారి మహబూబ్‌నగర్ నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా దోస్తులు వస్తారు. ‘ఫ్లడ్‌లాండ్’ పెట్టిన ప్రతిసారీ కొత్తవాళ్లు అవే సందేహాలు అడుగుతారు, తర్వాత ఫోన్ చేసి మళ్లీ అవే అడుగుతారు. ఈ ఆల్బమ్ అంటే నాకు ప్రాణం, ఎన్నిసార్లు అడిగినా చెప్పడానికి విసుగు లేదు, కానీ అందరికీ ఒకేలా చెప్పాలంటే రాసి పెట్టడమే మంచిదనిపించింది. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను. ఎక్కడి నుంచి చదివినా అర్థమవుతుంది.

## వినకముందు

అన్నా, ఇంతకీ ఇది ఎవరి ఆల్బమ్? ఒక్క ముక్కలో చెప్పు.

ఇంగ్లండ్‌లో లీడ్స్ అనే ఊరు ఉంది. అక్కడ 1980లో మొదలైన, గోతిక్ రాక్ అని అందరూ పిలిచే సంగీతం చేసే బ్యాండ్ ‘ద సిస్టర్స్ ఆఫ్ మెర్సీ’. 1985 మార్చిలో మొదటి ఆల్బమ్ వచ్చింది, ఆ ఏడాది గడవకముందే బ్యాండ్ చెదిరిపోయింది, పాడే ఆండ్రూ ఎల్‌డ్రిచ్ ఒక్కడే మిగిలాడు. ఆయన 1987 నవంబర్‌లో అదే బ్యాండ్ పేరుతో తెచ్చిన రెండో ఆల్బమ్ ‘ఫ్లడ్‌లాండ్’. బ్రిటన్ చార్టులో 9వ స్థానం దాకా వెళ్లింది. పేరులో సిస్టర్స్ అని ఉంది కాబట్టి ఆడవాళ్ల బృందం అనుకుంటారు, కాదు.

గోతిక్ రాక్ అంటే దయ్యాల పాటలా?

దయ్యాలకు, దీనికి సంబంధం చాలా తక్కువ. గోతిక్ అనే మాట చాలా చేతులు మారి సంగీతం దాకా వచ్చింది. ముందు అది యూరప్‌లో ఒక తెగ పేరు, తర్వాత కోసుగా లేచే కమానులున్న పెద్ద పెద్ద చర్చిల కట్టడానికి పేరైంది, ఆ తర్వాత పాడుబడిన కోటల్లో జరిగే భయం కథలకు పేరైంది. మెదక్ చర్చి చూసినవాళ్లకు ఆ కట్టడం ఎలా ఉంటుందో తెలుసు. లోపల నిలబడి చిన్నగా దగ్గినా ఆ చప్పుడు పైదాకా పోయి మెల్లగా తిరిగొస్తుంది. 1970ల చివర ఇంగ్లండ్‌లో పంక్ అనే మొరటు, దూకుడు రాక్ ఊపు తగ్గుతున్నప్పుడు కొందరు కుర్రాళ్లు ఆ చర్చి గాలిని రాక్ సంగీతంలోకి తెచ్చారు. కింది స్వరాలు పలికే బేస్ గిటార్ ముందుకొచ్చింది, మామూలు గిటార్ ప్రతిధ్వనిలో తడిసి వెనక్కి వెళ్లింది, గొంతు కిందికి దిగింది. 1979లో బౌహౌస్ అనే బ్యాండ్ తెచ్చిన మొదటి పాటను చాలామంది దీనికి మొదలు అంటారు, అది తొమ్మిది నిమిషాలకు పైనే ఉంటుంది.

మనవాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నేను పానగల్ ఛాయా సోమేశ్వరాలయం సంగతి చెప్తాను. పొద్దున వెళ్లినా మధ్యాహ్నం వెళ్లినా గర్భగుడిలో ఆ స్తంభం నీడ అక్కడే ఉంటుంది. బయట ఎండ మాడుస్తుంటుంది, లోపల ఆ నీడ మాత్రం కదలదు. దాన్ని చూస్తే భయం వేయదు, మాట మెల్లగా వస్తుందంతే. గోతిక్ రాక్ బాగా కుదిరినప్పుడు అలాగే ఉంటుంది. ఇంకో మాట, ఎల్‌డ్రిచ్ తనను గోతిక్ అంటే ఎప్పుడూ ఒప్పుకోలేదు, తమది రాక్ బ్యాండ్ అనే అంటాడు. విన్నవాళ్లు మాత్రం ఆ పేరు వదల్లేదు.

వాళ్లు ఎందుకు విడిపోయిండ్రు? ఆ కథ తెలియకుండా వినొచ్చా?

వినొచ్చు, కానీ కొంచెం తెలిస్తే పాటలు ఇంకో తీరుగా తెరుచుకుంటాయి. 1985లో ముందు గిటార్ వాయించే గ్యారీ మార్క్స్ వెళ్లిపోయాడు. ఎల్‌డ్రిచ్‌తో కలిసి బ్యాండ్ పెట్టింది ఆయనే. ఆ జూన్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఒక పెద్ద కచేరీ జరిగింది, దాని తర్వాత రెండో ఆల్బమ్ పనిలో గొడవలు ముదిరి గిటారిస్టు వేన్ హస్సీ, బేస్ వాయించే క్రెయిగ్ ఆడమ్స్ కూడా తప్పుకున్నారు. వాళ్లిద్దరూ ‘ద సిస్టర్‌హుడ్’ అనే పేరుతో వాయించడం మొదలుపెట్టారు. పాత పేరుకు అంత దగ్గరి పేరు వాళ్లకు దక్కకూడదని ఎల్‌డ్రిచ్ 1986 జనవరిలో అదే పేరు మీద తానే ఒక సింగిల్ (విడిగా వచ్చే పాట రికార్డు) విడుదల చేశాడు, తర్వాత ఒక ఆల్బమ్ కూడా తెచ్చాడు. వాళ్లు ‘ద మిషన్’ అని వేరే పేరు పెట్టుకోవాల్సి వచ్చింది.

మా ఊళ్లో చిరుతల రామాయణం ఆడే మేళం ఒకటి ఇలాగే రెండయింది. రాముడి వేషం వేసే ఆయన, లక్ష్మణుడి వేషం వేసే ఆయన ఒకేరోజు విడిపోయి పక్క ఊళ్లో వేరే మేళం కట్టారు, వాళ్లూ పాత పేరే చెప్పుకున్నారు. గురువు మాత్రం కొత్త పిల్లలను పెట్టుకుని ఆ ఏడాది ఆట ఆపలేదు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఊరంతా రాముడు ఎట్లున్నాడో చూడ్డానికి వచ్చి, కొత్త రాముడి మీద కన్నా గురువు గొంతు మీద ఎక్కువ ధ్యాస పెట్టారు, ఆయన ఆ రాత్రి పాడినట్టు మళ్లీ ఎప్పుడూ పాడలేదు. ‘ఫ్లడ్‌లాండ్’ మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

ముందు మొదటి ఆల్బమ్ వినాలా, నేరుగా ఇది పెట్టుకోవచ్చా?

నేరుగా ఇదే పెట్టుకోండి. చాలామంది వరస ప్రకారం మొదటిది విని, దాని రుచి నాలుక మీద ఉండగానే ఇది పెట్టి, ‘ఆ గిటార్లు లేవేంది’ అని మొహం చిట్లిస్తారు. ముందు దీన్ని దీనిలాగే నాలుగైదు సార్లు వినండి, తర్వాత 1985 ఆల్బమ్‌కి వెళ్లండి, అప్పుడు ఎవరు ఏం తీసుకుపోయారో, ఏం మిగిలిందో మీ చెవికే తెలుస్తుంది.

నాకు ఇంగ్లిష్ అంతగా రాదు. ఏం అర్థమవుతుంది?

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు కూడా ఈ లిరిక్స్ ఒక పట్టాన అర్థం కావు. ఎల్‌డ్రిచ్ రాసే తీరే అంత, చరిత్ర ముక్కలు, కవిత్వం ముక్కలు, రాజకీయం, సొంత కోపం అన్నీ ఒకే గుడ్డలో మూట కడతాడు. మొదట్లో పదాలను వదిలేసి గొంతు ఎక్కడ పైకి లేస్తోంది, ఎక్కడ ఆగుతోంది అని వినండి. మనం చిన్నప్పుడు గుళ్లో సంస్కృతం శ్లోకాలు అర్థం తెలియకుండానే విన్నాం కదా, అవి మనసులో నాటుకోలేదా? కొన్నాళ్లకు ఏదో ఒక లైన్ మీ అంతట మీకే పట్టుబడుతుంది, అప్పుడు లిరిక్స్ తెరిచి చూడండి.

ఫోన్ స్పీకర్‌లో వింటే సరిపోదా?

సరిపోదు. ఈ విషయంలో కొంచెం గట్టిగానే చెప్తాను. ఈ ఆల్బమ్‌లో సగం బరువు బేస్ మీద ఉంది, ఫోన్ స్పీకర్ ఆ బేస్‌ను దాదాపు వినిపించదు, మిగిలేది సన్నటి గొణుగుడే. అలాగని బేస్ బూస్ట్ ఎక్కువున్న స్పీకర్ కూడా పనికిరాదు. నేను ఒక షాపులో వాళ్ల మాట నమ్మి అలాంటిదే కొన్నాను, ఇంటికి తెచ్చి పెడితే డ్రమ్ములు, బేస్ కలిసిపోయి బండ మీద రోకలి దంచినట్టు వినిపించింది, కీబోర్డ్ ఊసే లేదు. మామూలు వైరు హెడ్‌ఫోన్స్ చాలు. ఈక్వలైజర్ ఆపేయండి. వాల్యూమ్ సగానికి కొంచెం పైన.

## మొదటిసారి వింటున్నప్పుడు

డ్రమ్మర్ ఎవరన్నా? ఒక్కసారి కూడా తప్పడు!

మనిషి కాదు, మెషీన్. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు డాక్టర్ అవలాంచ్, అంటే కొండ మీంచి విరిగిపడే మంచు. బ్యాండ్ మొదలైన కొత్తలోనే డ్రమ్ మెషీన్ పెట్టుకున్నారు, ఏళ్లు గడిచేకొద్దీ మెషీన్లు మారాయి, పేరు మారలేదు. మనుషులందరూ వచ్చారు, పోయారు, ఎల్‌డ్రిచ్‌తో పాటు చివరిదాకా నిలిచింది ఇదొక్కటే.

మన చెవికి ఇది కొత్తగా ఉండటానికి కారణం ఉంది. ఒగ్గు కథలో డోలు కొట్టేవాళ్లు కథ ఉద్రేకంలోకి వచ్చేసరికి తెలియకుండానే వేగం పెంచుతారు, డప్పు కూడా అంతే, కొట్టేవాళ్ల ఒంట్లో వేడి దెబ్బలో తెలుస్తుంది. ఈ మెషీన్‌కు ఆ వేడి లేదు. పాట ఎంత ఎత్తుకు వెళ్లినా, వెనక నలభై మంది గొంతెత్తినా, ఇది అదే అడుగు వేస్తుంది. మొదట్లో ఇది లోపమనిపిస్తుంది. ‘లుక్రీషియా మై రిఫ్లెక్షన్’ పెట్టుకుని డ్రమ్ములు తప్ప ఇంకేం పట్టించుకోకుండా ఒక నిమిషం వినండి. ఆ మెషీన్ తన పాటికి తాను పోతూనే ఉంటుంది, దాని పక్కన గొంతు మాత్రం కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి ఊగుతుంటుంది. ఆ ఊగడంలోనే మనిషి కనిపిస్తాడు.

ఆ గొంతేంది అట్లుంది? పాడుతుండా, మాట్లాడుతుండా?

రెండూ. ఎల్‌డ్రిచ్‌ది బాగా లోతైన గొంతు, మన సినిమా పాటల్లోలాగా గమకాలు, తారస్థాయి ఆశించకండి. చాలా చోట్ల ఆయన ఒకే స్వరం చుట్టూ తిరుగుతాడు, పురాణం చెప్పేవాళ్లు వచనం నుంచి రాగంలోకి జారినట్టు జారుతాడు. నాకు బాగా నచ్చేది పదం చివర ఆయన ఊపిరి వదిలే పద్ధతి. హెడ్‌ఫోన్స్‌లో వింటే మన చెవి పక్కనే నిలబడి ఎవరో చెప్తున్నట్టుంటుంది, అదే పాటలో కోరస్ మాత్రం ఎక్కడో పెద్ద హాలు అవతలి గోడ నుంచి వస్తుంది.

పదకొండు నిమిషాల పాట ఎందుకు? స్కిప్ చేయొచ్చా?

‘దిస్ కరోజన్’ గురించే అడుగుతున్నారు. దయచేసి స్కిప్ చేయకండి. దీన్ని సింగిల్‌గా కత్తిరించి కూడా ఇచ్చారు, అదే బ్రిటన్‌లో 7వ స్థానానికి వెళ్లింది, కానీ పొట్టి పాటలో దాని ప్రాణం లేదు. దీని నిర్మాత జిమ్ స్టైన్‌మన్, అంతకుముందు మీట్ లోఫ్, బోనీ టైలర్ అనే గాయకులకు భారీ పాటలు చేసిచ్చిన అమెరికావాడు. ఏదైనా సరే పదింతలు పెద్దగా ఉండాలనేది ఆయన పద్ధతి. న్యూయార్క్ కోరల్ సొసైటీ నుంచి 40 మందిని తెచ్చి పాడించారు, పాట మొదలయ్యేదే వాళ్ల గొంతులతో.

బ్యాండ్‌లో మనుషులు పోయారు కదా, గిటారిస్టుల చోట గిటారిస్టులను తెచ్చుకోవచ్చు, అందరూ చేసేది అదే. ఈయన ఆ ఖాళీలో ఒక గుంపునే నిలబెట్టాడు. పైగా ఆ పాటలో దెబ్బలన్నీ విడిపోయిన హస్సీ మీద, ఆయన రాసే లిరిక్స్ మీద అని ప్రసిద్ధి. ఒక మనిషి తన కోపాన్ని నలభై మంది చేత పాడించడం ఊహించుకోండి. మనకు ఈ కట్టుబడి కొత్తేం కాదు, బతుకమ్మ ఆటలో ఒకామె లైన్ అందిస్తే చుట్టూ ఉన్నవాళ్లంతా ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు, పది నిమిషాలైనా, ఇరవై నిమిషాలైనా ఎవరూ గడియారం చూడరు. ‘దిస్ కరోజన్’ను ఆ చెవితో వినండి. ఆరో నిమిషం దాటాక పాట నిడివి సంగతే మర్చిపోతారు.

ఒకటే ముక్క మళ్లీ మళ్లీ వస్తోంది, బోర్ కొట్టింది. నాకే ఎక్కలేదా?

మీ తప్పేం లేదు, మొదటిసారి చాలామందికి అలాగే ఉంటుంది. మన పాటల్లో పల్లవి, చరణం, మధ్యలో బీజీఎం మారిపోతుంటాయి, చెవి ఆ మార్పు కోసం కాచుకుని ఉంటుంది. ఇక్కడ మార్పు అడ్డంగా రాదు, పొరలుగా వస్తుంది. అదే బేస్ ముక్క మీద ఒక కీబోర్డ్ చేరుతుంది, ఇంకాసేపటికి ఆడగొంతులు చేరతాయి, తర్వాత అన్నీ తప్పుకుని బేస్ ఒక్కటే మిగులుతుంది. ఏ పొర ఎప్పుడు చేరింది, ఎప్పుడు పోయింది అని పట్టుకోండి. అయినా ఎక్కకపోతే ఒక వారం వదిలేయండి, బలవంతం పనికిరాదు.

## రెండోసారి, మూడోసారి విన్నాక

అందరూ పోయాక ఒక్కడే చేసింది కదా, దీన్ని బ్యాండ్ ఆల్బమ్ అనొచ్చా?

ఈ ప్రశ్న మీద మా గదిలో ఒకసారి రాత్రి పదకొండు దాకా వాదన జరిగింది. పాటలు రాసింది ఎల్‌డ్రిచ్, పాడింది ఎల్‌డ్రిచ్, నిర్మాణంలో కూడా చేయి ఆయనదే. ఆ లెక్కన ఒంటరి పనే. కానీ సొంత పేరు పెట్టుకుని విడుదల చేయొచ్చు, చేయలేదు. ‘ద సిస్టర్స్ ఆఫ్ మెర్సీ’ అనే పేరు నిలబెట్టుకోవడానికి అంత కొట్లాడి, ఆ పేరు కిందే తెచ్చాడు. నా అభిప్రాయం అడిగితే, ఇది ఒక బ్యాండ్ లేకపోవడం మీద చేసిన బ్యాండ్ ఆల్బమ్. ప్రతి పాటలోనూ ఎవరో ఉండాల్సిన చోట లేరు, ఆ చోటును ఆయన దాచలేదు, దానికి రివర్బ్, అంటే ప్రతిధ్వని, పెట్టి ఇంకా పెద్దది చేశాడు. ‘లైనప్ మారాక బాగుందా, ముందు బాగుందా’ అని తూకం వేస్తూ వింటే ఈ సంగతి చెవిన పడదు. మారడమే ఇక్కడ పాట అయింది.

కొత్తగా వచ్చిన ప్యాట్రీషియా మోరిసన్ ఏం వాయించింది?

ప్యాట్రీషియా మోరిసన్ అమెరికా నుంచి వచ్చిన బేసిస్టు, అంతకుముందు ‘ద గన్ క్లబ్’లో వాయించేది. ఈ కాలంలో బ్యాండ్ అంటే ఎల్‌డ్రిచ్, ఆమె, ఆ మెషీన్, అంతే. వీడియోల్లో, ఫోటోల్లో ఆమే కనిపిస్తుంది. రికార్డింగులో ఆమె పాలు ఎంత అనే దాని మీద తర్వాత ఇద్దరి మాటా కలవలేదు, 1990 ఆల్బమ్ వచ్చేసరికి ఆమె బ్యాండ్‌లో లేదు. ఆ తగువులో ఎవరి పక్షమూ నేను తీసుకోను. ఒకటి మాత్రం అనగలను, ఆమె నిలబడకపోతే ఆ ఆల్బమ్‌కు ఒక ముఖం ఉండేది కాదు. ‘లుక్రీషియా మై రిఫ్లెక్షన్’ను ఆమెకు స్వాగతం పలికే పాటగా చెప్తారు, ఆ ఎరుకతో వింటే బేస్ నడక ఇంకా హుందాగా వినిపిస్తుంది.

గిటార్లు ఎక్కడ పోయినయ్?

ఉన్నాయి, వెనక్కి వెళ్లాయి. మొదటి ఆల్బమ్‌లో హస్సీ, మార్క్స్ ఇద్దరి గిటార్లు అల్లిక బుట్టలాగా ఒకదాంట్లో ఒకటి దూరుతుంటాయి. ఇక్కడ ఆ అల్లిక తీసేసి కీబోర్డ్, బేస్, కోరస్‌లతో గోడలు లేపారు. మీకు గిటారే ముఖ్యమైతే 1990లో వచ్చిన వీళ్ల తర్వాతి ఆల్బమ్ ‘విజన్ థింగ్’ నచ్చుతుంది.

పేరులో వరద ఎందుకు? ఏ వరద గురించి?

నాకు ఈ ఆల్బమ్ మీద ఇంత ప్రేమ ఎందుకో చెప్పాలంటే ఈ ప్రశ్న దగ్గరే చెప్పాలి. ‘ఫ్లడ్‌లాండ్’ను మన మాటలో చెప్పమంటే నేను ‘ముంపు నేల’ అంటాను. ఇందులో ‘ఫ్లడ్’ పేరుతో రెండు పాటలున్నాయి, ఎల్పీలో (తిప్పి వేసే పెద్ద రికార్డులో) ఒక్కో వైపు రెండో పాటగా ఒక్కోటి వస్తుంది, అంటే ఏ వైపు తిప్పినా ఒక పాట అవగానే నీళ్లు వస్తాయి. ఎల్‌డ్రిచ్ అప్పటికి జర్మనీలో హాంబర్గ్‌కు మారాడు, అది ఎల్బే నది మీద రేవు పట్నం. ఇందులో వరద ఒక్కసారి విరుచుకుపడే వరద కాదు. నెమ్మదిగా ఎక్కే నీళ్లు. ‘ఫ్లడ్ టూ’ విన్నప్పుడు గమనించండి, పాట ఎక్కడా అరవదు, అలా ఎక్కుతూ ఎక్కుతూ పోతుంది.

మా అమ్మమ్మ వాళ్లది కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఊరు. 1980ల మొదట్లో శ్రీశైలం డ్యాం నీళ్లల్లో పోయింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం రాళ్లను విప్పి అలంపూర్‌కు తెచ్చి మళ్లీ కట్టారు, ఇళ్లను అట్లా ఎవరు తెస్తారు? ఒక ఎండాకాలం నీళ్లు బాగా తగ్గినప్పుడు అమ్మమ్మ నన్ను అక్కడికి తీసుకుపోయింది. పునాదులు తేలి ఉన్నాయి. ఇది అరుగు, ఇది వంటిల్లు, ఇక్కడ గేదెను కట్టేవాళ్లం అని చెప్పుకుంటూ నడిచింది. వంటింటి చోట రోలు ఒకటి నేలలో అట్లాగే ఉంది, గుంతలో ఒండ్రు నిండి గట్టిపడిపోయింది. ఆమె కూర్చుని వేలితో ఆ మన్ను గీకి తీసింది, కొంచెం లోపల రాయి తగిలింది, నున్నగా ఉంది. ఆ రాయి మీద వేలు అట్లాగే పెట్టి చాలాసేపు కూర్చుంది. ఏడవలేదు. నాతో ఏం మాట్లాడలేదు.

ఈ ఆల్బమ్‌కూ ఆ రోలుకూ లీడ్స్ నుంచి కొల్లాపూర్ అంత దూరం, నాకు తెలుసు. అయినా ‘ఫ్లడ్ టూ’ వస్తే నాకు ఆ నున్నటి రాయే కనిపిస్తుంది. నీళ్లు ఎక్కాక కింద ఏం మిగిలింది అని వెతుక్కునే వాళ్లకు ఈ పాటలు వేరే ఎవరూ వివరించక్కర్లేదు.

మొదటి పాటలో ఎడారి ఏంది, రష్యా ఏంది?

‘డొమినియన్’, ‘మదర్ రష్యా’ రెండు భాగాలు ఒకే పాటగా అతికి ఉంటాయి. ‘డొమినియన్’లో ఇంగ్లిష్ కవి షెల్లీ పద్యం, 1818లో అచ్చయినది, దాని ముక్క ఒకటి దూరుతుంది, ఎడారిలో విరిగిపడిన రాజు విగ్రహం, చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు అనే పద్యం అది. వీడియోను కూడా జోర్డాన్‌లో, కొండను తొలిచి కట్టిన పెట్రా నగరంలో తీశారు. నాగార్జునకొండ తెలిసినవాళ్లకు ఈ భావం చెప్పక్కర్లేదు, అక్కడ ఇసుక, ఇక్కడ సాగర్ నీళ్లు.

రెండో భాగాన్ని అప్పటి కాలంతో కలిపి వినాలి. చెర్నోబిల్ అణు ప్రమాదం 1986 ఏప్రిల్ 26న జరిగింది, ఆ దుమ్ము గాలిలో యూరప్ అంతా పాకింది, ఎల్‌డ్రిచ్ ఉంటున్నది జర్మనీలో. పైనుంచి కురిసేది ఏదో తెలియని భయం ఆ పాట నిండా ఉంటుంది. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మాట విన్నప్పటి నుంచి మన జిల్లా వాళ్లకు, 2019లో నల్లమల కోసం రోడ్డెక్కిన పాలమూరు వాళ్లకు ఆ భయం కొత్త కాదు.

‘1959’లో ఒక్క పియానో తప్ప ఏం లేదు. పొరపాటున పెట్టారా?

కావాలనే. 1959 ఎల్‌డ్రిచ్ పుట్టిన సంవత్సరం. మెషీన్ లేదు, బేస్ లేదు, కోరస్ లేదు, పియానో, గొంతు మాత్రమే. ఎల్పీలో మొదటి వైపు దీనితోనే ముగుస్తుంది, అంటే దీని తర్వాత వినేవాడు లేచి రికార్డు తిప్పాలి. కరెంటు పోయిన ఒక రాత్రి మేడ మీద పడుకుని, ఫోన్‌లో ఉన్న కొంచెం చార్జింగ్‌తో ఈ పాట విన్నాను. ఊరంతా చీకటి, కూలర్లు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోయి ఉన్నాయి, పియానో మీద ఒక స్వరం ఆగిపోయాక ఇంకో స్వరం వచ్చేదాకా మధ్యలో ఎంత చోటుందో ఆ రోజే తెలిసింది. పాట అయిపోయాక ‘దిస్ కరోజన్’ కోరస్ ఒక్కసారిగా లేచింది, నేను లేచి కూర్చున్నాను.

## విన్న తర్వాత

ఇంతకీ తప్పు ఎవరిది? పోయినోళ్లదా, ఉన్నోడిదా?

తెలుసుకుని ఏం చేస్తాం? వెళ్లినవాళ్లు ‘ద మిషన్’గా 1986లోనే మంచి ఆల్బమ్ తెచ్చారు, అందులో గిటార్లు అద్భుతంగా ఉంటాయి. విడిపోవడం వల్ల వినేవాళ్లకు రెండు బ్యాండ్లు దొరికాయి.

ఇంట్లో ‘ఏందిరా ఈ ఏడుపు పాటలు’ అంటున్నరు. ఏం చెప్పాలి?

వాదించకండి, ‘డ్రివెన్ లైక్ ద స్నో’ చిన్న వాల్యూమ్‌లో పెట్టి ఊరుకోండి. మా అమ్మ మొదట్లో అదే అనేది. ఒకరోజు బియ్యం చెరుగుతూ, ‘ఆ మంచు పాట పెట్టు’ అంది. మంచు అని ఆమెకు నేను చెప్పలేదు, మాటల్లో ఒక్క ముక్క అర్థమైందో ఏమో అడగలేదు. అప్పటి నుంచి ఆ పాట మా ఇంట్లో ఆమెదే.

లైనప్ మారాక వచ్చిన ఇలాంటి ఆల్బమ్ ఇంకోటి చెప్పు.

‘న్యూ ఆర్డర్’ బ్యాండ్ 1981లో తెచ్చిన ‘మూవ్‌మెంట్’ వినండి. దాని కథ ఇంకా బరువైనది. జాయ్ డివిజన్ బ్యాండ్‌లో పాడే ఇయన్ కర్టిస్ 1980 మే 18న చనిపోయాడు, మిగిలినవాళ్లు పేరు మార్చుకుని ముందుకు పోయారు. ఆ ఆల్బమ్‌లో ఎవరు పాడాలో కూడా ఇంకా తేల్చుకోలేదని గొంతుల్లోనే తెలుస్తుంది. ‘ఫ్లడ్‌లాండ్’లో మిగిలింది పాడేవాడు, అక్కడ పోయింది పాడేవాడు. రెండూ ఒకే వారంలో వినకండి, మనసుకు బరువవుతుంది.

వీళ్లు ఈ పాటలు స్టేజీ మీద పాడిండ్రా?

ఆల్బమ్ వచ్చినప్పుడు పాడలేదు. 1985 కచేరీ తర్వాత మళ్లీ స్టేజీ ఎక్కింది 1990లో, అప్పటికి బ్యాండ్‌లో వేరే మనుషులున్నారు. ‘విజన్ థింగ్’ తర్వాత స్టూడియో ఆల్బమ్ ఇంకోటి రాలేదు, కచేరీలు మాత్రం చేస్తూ వచ్చారు.

నా దాంట్లో ఎనిమిది పాటలే ఉన్నయ్, మీ దాంట్లో పది. ఏది అసలుది?

ఎల్పీలో ఎనిమిది. సీడీలో ‘టార్చ్’, ‘కలర్స్’ అని రెండు ఎక్కువ ఉంటాయి. 2006లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఇంకో రెండు చేర్చారు, అందులో ‘నెవర్ లాండ్’ పూర్తి నిడివి పాట ఉంది, ఆల్బమ్‌లో ఉన్నది దాని ముక్క మాత్రమే. మొదటిసారి మాత్రం ఎనిమిదో పాట, అంటే ఆ ‘నెవర్ లాండ్’ ముక్క దగ్గర ఆపండి. ఆ ముక్క చివర గొంతు ఎటో దూరంగా పోతూ పోతూ వినపడకుండా పోతుంది, వెంటనే ఇంకో పాట మొదలైతే అది దక్కదు. ‘టార్చ్’ మర్నాడు వినండి, చాలా మంచి పాట.